పెద్దమ్మ చెప్పిన అడ్రసు

మా ఊరి మీదుగా విమానాలు దిగుతాయి. మాట్లాడుతుండగా విమానం వస్తే మేం నోరు మూసుకుంటాం. అది పోయాక, ఆగిన మాట దగ్గరి నుంచే మళ్ళీ మొదలుపెడతాం. "కూరల ఉప్పు జర" అని మొదలైన వాక్యం గాల్లో వేలాడి వేలాడి, చప్పుడు శంషాబాద్ వైపు వెళ్ళిపోయాక "తక్కువైంది" అని ముగుస్తుంది. మధ్యలో ఏమన్నవని ఎవరూ అడగరు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు మొదట నవ్వుతారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళకూ అదే అలవాటవుతుంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ విమానం చప్పుడు నేనొక ఫోన్ రికార్డింగులో విన్నాను. అప్పటి నుంచి ఊళ్ళో విమానం వచ్చినప్పుడల్లా నేను చెవులు మూసుకుంటాను.

నేను టెస్టర్ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాం ఎక్కడ బోర్లా పడుతుందో వెతికిపెట్టడం నా పని. ఉద్యోగం వచ్చిన రోజు బాపుకు ఇదే చెప్తే, "తప్పులు పట్టుడుకు జీతమిస్తరా? మీ అమ్మ ఉన్నన్ని రోజులు ఫుకట్ల పట్టింది గద" అన్నాడు. అప్పటికి అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె పోయాక నాకు తల దువ్వి జడ వేసిందీ, పరీక్షలప్పుడు టీ పెట్టి తెచ్చి ఇచ్చిందీ మా ఎదురింటి పెద్దమ్మ. వరసకే పెద్దమ్మ, చుట్టరికం వెతికితే దొరకదు. ఆమె భర్తను పెద్దబాపు అనేదాన్ని. ఆయనకు ఒకసారి గుండెపోటు వచ్చి స్టెంటు పడింది. ఆ రోజు డాక్టరు చెప్పిన మాటను పెద్దమ్మ వచ్చిపోయే వాళ్ళందరికీ అప్పజెప్పేది: "మళ్ళ నొప్పి లేస్తే గంట లోపల దవాఖానల ఉండాలంట. గంట దాటితే కష్టమంట." ఆ మాట అనేటప్పుడు ఆమె పెద్దబాపు వైపు చూసేది కాదు, గోడ గడియారం వైపు చూసేది.

మా ఆఫీసు ఆరాంఘర్ చౌరస్తా దాటాక, ఒక ఫర్నిచర్ దుకాణం పైన, మూడో అంతస్తులో ఉండేది. పదిమందిమి ఉండేవాళ్ళం. ఒక ప్రైవేటు అంబులెన్స్ సర్వీసు వాళ్ళ కాల్ సెంటర్‌కు ప్రోగ్రాం రాస్తున్నాం. ఫోన్ చేసినవాళ్ళు అడ్రసు చెప్తుంటే అక్కడి అమ్మాయి టైప్ చేస్తుంది. ఆ వాక్యాన్ని మా ప్రోగ్రాం చదివి, అది ఏ ఊరో ఏ వీధో పోల్చుకుని, దగ్గర్లో ఉన్న బండిని తెర మీద చూపించాలి. తెర చూపిస్తేనే ఆ అమ్మాయి బండిని పంపగలదు. ఆ పోల్చుకోవడమే అసలు పని. దాన్ని రస్ట్ అనే భాషలో రాశారు. యంత్రానికి దగ్గరగా ఉండి, వేగంగా నడవాల్సిన పనులకు ఆ భాష మంచిదని పేరు. పోలికలు చూసే సాధనాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి కానీ, మనవాళ్ళ అడ్రసులకు అవి సరిపోవని మా టీమ్ లీడ్ సొంతంగా ఒకటి రాశాడు.

లీడ్ కృష్ణా జిల్లా వైపు మనిషి. అందరితోనూ అండీ అనే మాట్లాడేవాడు. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే వాళ్ళ పని తాను చేసి ఇంటికి పంపేవాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఉంటే బాగుండేది.

పోలిక అంటే ఇంతే. ముందు ఒక అచ్చు తయారుచేస్తారు, దాన్ని ప్యాటర్న్ అంటారు. ఏదో ఒకటి, తర్వాత 'కాడ', మళ్ళీ ఏదో ఒకటి, మళ్ళీ 'కాడ', ఇట్లా ఎన్నయినా, చివర ఇంటి నంబరు. ఏదో ఒకటి అనే చోట స్టార్ గుర్తు పెడతారు. ఆ స్టార్ ఒక అక్షరాన్నయినా మింగుతుంది, సగం వాక్యాన్నయినా మింగుతుంది. చివరిదాకా వెళ్ళి నంబరు దొరక్కపోతే ప్రోగ్రాం వెనక్కి వస్తుంది. మొదటి స్టార్ ఎక్కువ మింగాలేమో, రెండోది తక్కువ మింగాలేమో అని మళ్ళీ మొదలుపెడుతుంది. తాళంచెవి పారేసుకున్నవాడు ప్రతి సందు మొదటికీ వచ్చి మళ్ళీ మళ్ళీ వెతుక్కున్నట్టు. రెండు మూడు సందులైతే రెప్ప వేసేలోపే తేలిపోతుంది. సందులు పెరిగేకొద్దీ తెల్లారినా తేలదు.

ఇది నాకు అప్పటికి తెలియదు. నేను రాసిన టెస్టులు రెండు వందలు దాటాయి. రాజేంద్రనగర్ క్వార్టర్లు, బుద్వేల్ కాలనీలు, ఫ్లాటు నంబర్లు, ప్లాటు నంబర్లు, పిన్ కోడు ఉన్నవీ లేనివీ, ఏమీ రాయని ఖాళీ వాక్యం, అన్నీ పెట్టాను. నడిపిస్తే ప్రతి దాని పక్కనా ఓకే, ఓకే అని వరసగా పడేది. చూస్తుంటే కళ్ళు చల్లబడేవి. కానీ ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరుస్తుంటే నాకే చిరాకేసింది. ఇవన్నీ ఆన్‌లైన్‌లో చీరలు తెప్పించుకునేవాళ్ళు రాసే అడ్రసులు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మా ఊళ్ళో ఎవరు ఇట్లా మాట్లాడతారు?

అక్కడి నుంచే పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, మీ ఇంటికి అంబులెన్స్ పిలవాలె అనుకో. ఫోన్ల అడ్రసు ఎట్ల చెప్తవ్?"

"ఎవరికేమైంది?" గొంతు మారిపోయింది.

"ఎవరికేం కాలే. ఆఫీసు పని."

"గిదేం పనే తల్లీ," అని నవ్వింది. తర్వాత బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లలా గొంతు సవరించుకుంది. "శంషాబాద్ దాటినంక కమాన్ కాడ లోపటికి మళ్ళాలె. పాల సెంటర్ కాడ ఆగొద్దు, సక్కగ రావాలె. బడి కాడ స్పీడ్ బ్రేకర్ ఉంటది, దాని కాడ ఎడమ దిక్కు. నీళ్ళ ట్యాంకి కాడ సందు. సందుల ట్రాన్స్‌ఫార్మర్ కాడ"

విమానం వచ్చింది. ఆమె ఆగింది, నేనూ ఆగాను. పోయింది.

"మళ్ళితే బోరింగు. బోరింగు కాడ రెండిండ్లు. ఒకటి మీ బాపుది, ఎదురుంగ మాది. ఎవర్నడిగినా చెప్తరు."

"ఇంటి నంబరు?"

"నంబరేంది?"

మా ఊళ్ళో ఇంటి నంబరు ఎవరికీ తెలియదు. పంచాయతీ వాళ్ళు ఒకసారి, జనాభా లెక్కల వాళ్ళు ఒకసారి, మున్సిపాలిటీ అయ్యాక ఇంకోసారి తలుపు పక్కన రంగుతో అంకెలు రాసిపోయారు. పెళ్ళికో పండక్కో గోడలకు సున్నం వేస్తే అవి దాని కింద కలిసిపోయాయి. ఏ అంకె అసలుదో అడిగినా చెప్పేవాళ్ళు లేరు.

ఆమె చెప్పింది చెప్పినట్టు టైప్ చేసి, ఆ టెస్టుకు 'పెద్దమ్మ' అనే పేరు పెట్టి నడిపించాను. ఓకేలు వరసగా పడ్డాయి. పెద్దమ్మ దగ్గరకొచ్చి ఆగిపోయింది. తప్పని చెప్పదు, ఒప్పని చెప్పదు. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెంచింది. నిమిషం గడిచాక తెర మీద ఒక వాక్యం వచ్చింది: పెద్దమ్మ అనే టెస్టు అరవై సెకన్లకు పైగా నడుస్తూనే ఉంది. కిందికి వెళ్ళి టీ తాగి వచ్చాను. అదే వాక్యం అట్లాగే ఉంది. ప్రోగ్రాం పడిపోతే ఎక్కడ పడిందో చూడొచ్చు. ఇది పడిపోలేదు. ఆమె చెప్పిన ప్రతి 'కాడ' దగ్గరికీ వెనక్కి వచ్చి, లేని నంబరు కోసం వెతుకుతూనే ఉంది.

లీడ్‌ను పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు.

"మీరు పట్టింది నిజమేనండీ," అన్నాడు. "కానీ సోమవారం అప్పగించాలి. దీన్ని సరిచేయాలంటే పోలిక మొత్తం తిరగరాయాలి. ఇలా చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారంటారు?"

"మా ఊళ్ళో అందరూ."

"ఆపరేటర్ నంబరు అడుగుతుంది కదండీ."

"నంబరు లేకపోతే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తర్వాతి విడతలో మొదటి పని ఇదే పెట్టుకుందాం. ఇప్పటికి ఇగ్నోర్ పెట్టేయండి."

నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. బస్సులో సీటు కోసం కండక్టరుతో పోట్లాడినదాన్ని. ఆ రోజు ఆ నోరు ఏ గంగలో కలిసిందో తెలియదు. సోమవారం అయిపోతే చాలనిపించింది, అంతే. టెస్టు పైన ఇగ్నోర్ అనే ఒక్క మాట రాస్తే దాన్ని నడపకుండా వదిలేస్తుంది. ఆ మాట నా చేత్తోనే టైప్ చేశాను. మళ్ళీ నడిపిస్తే అన్నీ పాసయ్యాయి. చివర చిన్నగా, ఒకటి వదిలేశాం అని పడింది. ఆ చివరి మాట ఎవరూ చదవరు.

సాయంత్రం బస్సు దిగి నల్ల రంగు డబ్బా ఒకటి, కుంచె ఒకటి కొన్నాను. బాపు ఆధార్ కార్డు మీద ఉన్న ఇంటి నంబరును మా ఇంటి గోడ మీద, బయటి తలుపు పక్కన జానెడు అంకెలతో రాశాను. లోపల బాపు మంచం పక్కన ఇంకోసారి రాశాను. బాపుకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి.

"అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే మొదలు నంబరు చెప్పు. తర్వాత ఊరు. అంతే. కమాను, పాల సెంటరు, బోరింగు, ఏం చెప్పకు."

"మనిషి పాణం పోతున్నా నంబరడుగుతరా?"

"అడుగుతరు బాపు. చెప్పు ఒకసారి."

గొణుక్కుంటూనే చెప్పాడు. నాలుగుసార్లు చెప్పించాను. పెద్దమ్మ తన గడపలో నిలబడి ఇదంతా చూస్తూ నవ్వుతోంది.

"ఏందే, తండ్రికి బడి పెట్టినవ్? మా గోడ మీద గూడ రాయరాదు?"

డబ్బాలో రంగు ఉంది. కానీ చేతులకంతా రంగు అంటింది, ఆకలేస్తోంది, పొద్దున్నుంచీ తల పగిలిపోతోంది.

"రేపు రాస్త పెద్దమ్మా. రంగు అయిపోయింది."

అది అబద్ధం. చిన్న అబద్ధం. మర్నాడు శనివారం కూడా ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. ఆదివారం పడుకున్నాను. సోమవారం ప్రోగ్రాం అప్పగించాం, ఆఫీసులో బిర్యానీ తెప్పించారు. రంగు డబ్బా మెట్ల కింద ఎండిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పాలంటే సైరన్ల గురించి చెప్పాలి. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద సైరన్లు కొత్త కాదు, చిన్నప్పటి నుంచీ వింటున్నవే. ఇప్పుడు ఆరాంఘర్ దగ్గర బస్సు ఆగి, పక్కనుంచి అంబులెన్స్ పోతుంటే నాకు తెలియకుండానే ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. అరవై దాటినా ఆపలేకపోయేదాన్ని. లీడ్‌ను రెండుసార్లు అడిగాను. "ఈ వారం తప్పకుండా చూద్దామండీ" అన్నాడు. ఆ వారాలు వస్తూ పోతూ ఉన్నాయి. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు, అంతా బాగుందని కాల్ సెంటర్ వాళ్ళు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. బాగుందనే ప్రతి మాటకూ నా భయం ఇంకాస్త పెరిగింది. పెద్దమ్మ గోడ వైపు చూడకుండా ఇంట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం మూడు దాటాక బాపు ఫోన్ చేశాడు. ఆఫీసు వేళల్లో బాపు ఎప్పుడూ ఫోన్ చేయడు.

"బిడ్డా, మీ పెద్దబాపుకు ఛాతిల నొప్పి లేసింది. చెమటలు పోసి పడ్డడు. నేను ఇప్పుడే పొలం కాడికెళ్ళి వచ్చిన. పెద్దమ్మ ఎప్పుడో ఫోన్ చేసిందంట, బండి వస్తలేదు."

"ఎంతసేపాయె బాపు?"

"చానా సేపాయె అంటున్నది."

"నువ్వు చెయ్. మన గోడ మీది నంబరు చెప్పు. ఆమెను చెప్పనియ్యకు. నంబరు, ఊరు, అంతే చెప్పు."

బాపు నేను నేర్పినట్టే చెప్పాడు. పదిహేను నిమిషాల్లో బండి వచ్చి మా గోడ ముందు ఆగింది. అంకెలు బాగా కనబడ్డాయని డ్రైవర్ అన్నాడట. పెద్దబాపును ఎక్కించి, ఆయన తల పెద్దమ్మ ఒళ్ళో పెట్టారు. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర, మా ఆఫీసు కింది రోడ్డు మీదే ఆయన పోయాడు. బండి సిటీ వైపే వస్తోందని బాపు మళ్ళీ ఫోన్ చేస్తే, దవాఖానకు పోదామని అప్పటికి నేను ఆటో కోసం అదే రోడ్డు మీద నిలబడి ఉన్నాను. నా ముందు నుంచి ఒక సైరన్ పోయింది. అదేనని తర్వాత తెలిసింది.

రెండో రోజున కాల్ సెంటర్ వాళ్ళు ఆ ఫోన్ రికార్డింగు పంపారు. తెర ఆగిపోయిందని వాళ్ళ ఫిర్యాదు. లీడ్ తలుపు వేసి, నేనూ ఆయనా కూర్చుని విన్నాం.

పెద్దమ్మ ఏడవడం లేదు. గబగబా మాట్లాడటం లేదు. "శంషాబాద్ దాటినంక కమాన్ కాడ లోపటికి మళ్ళాలె" అని, నాకు చెప్పిన క్రమంలోనే చెబుతోంది. అటువైపు అమ్మాయి, "అమ్మా, స్క్రీన్ ఆగిపోయింది, ఇంకోసారి చెప్పండి" అంది. పెద్దమ్మ మొదటి నుంచీ చెప్పింది. మళ్ళీ ఆగిపోయింది. "హౌస్ నంబర్ ఏమన్నా ఉందామ్మా?" "నంబరు లేదు బిడ్డా, రాస్తనన్నది, రాయలే." మూడోసారి కమాన్ దగ్గర మొదలుపెట్టి, పాల సెంటరు, బడి, ట్యాంకి దాటి, "ట్రాన్స్‌ఫార్మర్ కాడ" అని ఆగింది. వెనక విమానం చప్పుడు పెరుగుతోంది. ఆ అమ్మాయి "హలో? హలో? అమ్మా?" అంది. ఇటువైపు నుంచి మాట లేదు. లైను తెగిందనుకుని పెట్టేసింది.

విమానం పోయాక పెద్దమ్మ "మళ్ళితే బోరింగు" అని తప్పకుండా చెప్పి, ఇక బండి వస్తుందని ఎదురుచూసి ఉంటుంది. ఆ మాట రికార్డింగులో లేదు.

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఆమె ఏ ఊరిదో, విమానాల కింద బతకని మనిషి. లీడ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. "నాదండీ తప్పు," అన్నాడు. కాదని నేననలేదు. నాదేనని కూడా అనలేదు. ఆయన ఇంటికి కూడా వెళ్ళకుండా పోలిక మొత్తం తిరగరాశాడు. రెండు రోజుల పని. ఇగ్నోర్ అనే మాట నేనే తీసేసి టెస్టులు నడిపించాను. పెద్దమ్మ పక్కన ఓకే అని రెప్పపాటులో పడింది. బాత్రూములోకి వెళ్ళి, కొళాయి తిప్పి ఏడ్చాను.

దినాలు అయ్యాక ఒక పొద్దున పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, జడ పట్టుకుని, చిక్కు తీయడం మొదలుపెట్టింది.

"నీకు చెప్పినట్లే చెప్పిన బిడ్డా," అంది చివరికి. "కమాన్ కాడి నుంచి. ఒక్క ముక్క మర్వలే. మూడుసార్లు చెప్పిన."

నేను తల ఊపాను.

"మీ బాపు చెప్తే వచ్చింది. నేను చెప్తే రాలే. ఏడనో తప్పు చెప్పిన. రోజు గదే సోంచాయిస్తున్న, దొరుకుత లేదు." వేళ్ళు నా జుట్టులో ఆగిపోయాయి. "నువ్వు తప్పులు పట్టేదానివి గద. జర చూసి చెప్పు, ఏడ తప్పిన?"

వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాను. నిజంగానే అడుగుతోంది. గోడ గడియారం వైపు చూసినట్టే నా వైపు చూస్తోంది.

"నువ్వు తప్పలే పెద్దమ్మా. ఆ తప్పు"

విమానం వచ్చింది. ఇంటి రేకులు అదిరాయి. ఆగాను. అది మా మీదుగా చాలా కిందుగా, చాలా నెమ్మదిగా పోయింది. చప్పుడు శంషాబాద్ వైపు సన్నబడి ఆగిపోయింది. ఆమె ఎదురుచూసింది. ఎదురుగా మా గోడ మీద జానెడు అంకెలు నల్లగా కనబడుతున్నాయి.

మా ఊళ్ళో ఎవరూ అడగరని మొదట్లో చెప్పాను. ఆ రోజు పెద్దమ్మ అడిగింది.

"ఏమన్నవ్ బిడ్డా?"

"ఏం లే పెద్దమ్మా," అన్నాను. "అన్నం తిన్నవా?"